ఇంట్లో మనిషికి కొన్న మాత్రలు

నేనెవరికీ హాని చేయలేదు. చేయలేదనే అనుకుంటున్నాను. మొదటి వాక్యం దగ్గర ఆగిపోలేక, రెండో వాక్యాన్ని ఇన్నేళ్లుగా లోపల మోస్తున్నాను. మీకు చెబితే కొంచెం తేలికవుతుందేమోనన్న స్వార్థంతో రాస్తున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. అనంతపురంలో బి.ఎస్సీ. పూర్తిచేసి, ఆ పట్టాను నంద్యాలలో మా మేనమామ మందుల షాపు గోడకు తగిలించి, దాని కింద కూర్చున్నాను. మొలలకూ, కాళ్ల నరాలు ఉబ్బడానికీ మేము ఒకే మాత్ర అమ్మేవాళ్లం. దాని మీద నాకు మొదటినుంచీ అనుమానమే. వాడినవాళ్లకు కొన్నాళ్లకు తగ్గేది. వాడనివాళ్లకూ తగ్గేది, కాకపోతే వాళ్లు షాపుకొచ్చి చెప్పేవాళ్లు కారు. "ఇది నిజంగా పనిచేస్తుందా?" అని కంపెనీ తరఫున మద్రాసు నుంచి వచ్చినాయన్ని అడిగాను.

"తిన్నవాళ్లు మళ్లీ కొంటున్నారు కదండీ" అన్నాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వకండి. ఏమవుతుందో మాకూ తెలీదు" అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. వినలేదని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు.

మా వైపు మొలలు ఎవరికీ ఉండవు. ఎప్పుడూ ఇంకొకరికే. బావమరిదికని ఒకరు, ఊళ్లో ఎవరో పెద్దాయనకని ఒకరు కొనుక్కుపోయేవాళ్లు. కూర్చోమని స్టూలు చూపిస్తే మాత్రం వద్దనేవాళ్లు. చదువుకున్నవాణ్ణి కదా, ఇట్టే పట్టేసేవాణ్ణి. నాకు అదొక కాలక్షేపం.

ఒకరోజు ఆళ్లగడ్డ వైపు రైతు ఒకాయన వచ్చాడు. ఓబులరెడ్డి అనుకోండి. షాపులో అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు.

"మొలల మాత్రలుండాయాప్పా?"

"ఉండాయి. ఎవరికన్నా?"

"ఇంట్లో మనిషికి. కాళ్ల నరాలు గూడా వానపాముల మాదిరి లేస్తాండాయి."

"అట్లనా. బండి తోలేది తగ్గించమను ఆ యమ్మను."

"ఆమె బండి యాడ తోల్తాదప్పా!" అని ఆయన కూడా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిజంగానే ఇంట్లో మనిషికేనప్పా. తింటే ఇబ్బందేమీ లేదు గదా? ఆమె ఇప్పుడు..."

"ఆమెకు ఇబ్బంది లేకుంటే నీకూ ఉండదులేన్నా!"

షాపంతా గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెప్పబోయిన మాట మింగేసి, మాత్రలు తువ్వాల్లో మూట కట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పూటంతా నా చమత్కారానికి నేనే మురిసిపోయాను.

ఆయన ఏం చెప్పబోయాడు? నాకు అప్పుడు తెలియదా? అడిగితే తెలిసేది. అడగకపోవడానికి కారణం ఆయన అబద్ధమాడుతున్నాడన్న అనుమానమా, చమత్కారపు మాట ఒకటి నాలుక మీదికి వచ్చాక దాన్ని ఆపుకోలేని నా జబ్బా? రెండోదేననుకుంటాను. దానికి మా షాపులో మాత్ర లేదు.

కోతలు అయ్యాక సరుకు ఆర్డర్ల కోసం ఆళ్లగడ్డ వెళ్లాను. బస్సు దిగగానే ఓబులరెడ్డే చూసి, చెయ్యిపట్టి హోటలుకు తీసుకుపోయాడు.

"నీ మాత్రలు బాగా పనిచేసినాయప్పా. నొప్పి తగ్గింది. కడుపే నిలవల్యా."

టీ గ్లాసు కింద పెట్టాను.

"వద్దంటే ఇనకుండా కలుపుకు పోయినావు, అందుకే పోయిందని మాయమ్మ నా పెండ్లాన్ని రోజూ తిడతాంది. ఇది ఏడ్చేదే గానీ మారు మాటాడదు. చేన్లో వంగితే పోతాదాప్పా? నువ్వు సదువుకున్నోనివి, చెప్పు."

సూటిగా అడిగాడు. ఈసారి నవ్వేవాళ్లు కూడా ఎవరూ లేరు.

"చెప్పలేమన్నా" అన్నాను. "ఒక్కోసారి అట్లా కూడా అయితాది."

ఆయన చాలాసేపు తలాడించాడు. "అయితే మాయమ్మ చెప్పిందే నిజమన్నమాట."

కాదనలేదు నేను. మళ్లీ మాత్రలు కావాలన్నాడు. సరుకు రావడం లేదని అబద్ధం చెప్పాను. ఆ వ్యవహారమంతటిలో నేను చేసిన మంచిపని అదొక్కటే. టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు.

ఆ మాత్ర వల్లే పోయిందా? తెలియదు. మాత్రలు తినని వాళ్లకు కూడా కడుపు పోతుంది. ఆ మాత్ర దేనికీ పనికిరాని పిండిముద్ద అని నమ్మగలిగితే నాకు నిద్ర పడుతుంది. కానీ నొప్పి తగ్గిందని ఆయన చెప్పాడే!

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. చేనికి పోయినందుకే బిడ్డ పోయిందని ఆ ఇంట్లో ఖాయమైపోయింది. బి.ఎస్సీ. చదివినవాడు కూడా అన్నాడు కదా మరి. ఆమె కూడా అదే నమ్మి ఉంటుంది.

అమ్మా, నువ్వు చేనికి పోవడం వల్ల కాకపోవచ్చు. ఆ మాత్ర కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదని నాకు తెలుసు. నేను అడగలేదు. తర్వాత మీ ఆయన అడిగితే చెప్పలేదు.

ఇది ఆళ్లగడ్డలో ఆ టీ గ్లాసు ముందు చెప్పాల్సిన మాట. ఇక్కడ చెబుతున్నాను.