బియ్యంలో నిలబడిన పేక ముక్కలు

మొన్న మా చెల్లెలి మనవడు జల్‌పల్లి నుంచి సైదాబాద్‌లోని మా ఇంటికి వచ్చి, ఇంకా చెప్పులైనా విప్పకముందే ఫోన్ నా ముఖం ముందు పెట్టి, ఇందులో ఏ పేక కట్ట కొనమంటావో చెప్పమన్నాడు. వాళ్ల కొత్త కాలనీలో కుర్రాళ్లంతా శనివారం పూట ఒకరింట్లో చేరి పోకర్ ఆడుకుంటారట. డబ్బులతో కాదులెండి, రంగురంగుల బిళ్లలతో. కాగితం ముక్కలు చెమట చేతులకూ తినే వాటి నూనెకూ ఇట్టే మెత్తబడిపోతున్నాయని, ఈసారి గట్టిగా మన్నే ప్లాస్టిక్ ముక్కలే కొనాలని అందరూ కలిసి తీర్మానించారట. "నీకు పత్తాల సంగతి ఏం ఎరుక ఉంటది గానీ అమ్మమ్మా, ఏ రంగు మంచిగున్నదో అది చెప్పు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏది అసలు ప్లాస్టిక్ ముక్కో, ఏది పైన పూత పూసిన అట్ట ముక్కో అంచు మీద గోరు పెట్టి చెప్పగలిగిన మనిషిని పట్టుకుని రంగు చెప్పమంటాడా! వాణ్ని కూర్చోబెట్టి చాయ్ చేతికిచ్చి చెప్పడం మొదలుపెట్టాను. సగం విన్నాక వాడికి ఎవరో ఫోన్ చేశారు, లేచి బయటికి వెళ్లాడు. మిగిలిన సగం నా గొంతులోనే ఉండిపోయింది కనుక, మొత్తం మొదటి నుంచి మీకు చెబుతున్నాను. మన ఈడు వాళ్లకు వినే ఓపిక ఇంకా ఉందని నా నమ్మకం.

అప్పట్లో మేము ఛత్రినాకలో ఉండేవాళ్లం. మా బాపు బస్సు డిపోలో మెకానిక్. నేను అప్పుడప్పుడే ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరి, చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటూ బస్సు ఎక్కడం నేర్చుకుంటున్న రోజులు. ఆదివారం వచ్చిందంటే మా ఇంటి అరుగు మీద చాప పడేది. మా మేనమామ, బాపుతో డిపోలో పనిచేసే కండక్టర్ భాయ్, ఎదురింట్లో ఉండి చర్చిలో ప్రార్థన ముగించుకుని నేరుగా వచ్చే పెద్దాయన, వీళ్లు ముగ్గురూ బాపూ కలిస్తే రమ్మీ. పందెం చింతగింజలు. గెలిచినా ఓడినా ఆ గింజలు మళ్లీ ఒకే డబ్బాలోకి పోయేవి కాబట్టి ఎవరి కొంపా మునిగింది లేదు, కానీ లొల్లి మాత్రం చౌరస్తా దాకా వినిపించేది.

మా అమ్మకు పత్తాలంటే పడదు. ఆమె ఆ కట్టను ఏనాడూ గడప దాటి లోపలికి రానివ్వలేదు. అరుగు గోడలో చిన్న గూడు ఉండేది, దాని నివాసం అక్కడే. చాయ్ ఇవ్వడానికి వచ్చినప్పుడు కూడా గ్లాసులు గడప ఇవతల పెట్టి, ముఖం అటు తిప్పుకుని పోయేది. బంధువులెవరైనా ఆదివారం ఇంటికి వస్తే బాపు అరుగు మీద దోస్తులతో ముచ్చట పెడుతున్నాడని చెప్పేది తప్ప, పేకాడుతున్నాడన్న మాట ఆమె నోటి వెంట వచ్చేది కాదు.

ఇలా సాగుతుండగా ఒకరోజు డిపోలో బస్సు కింద పని చేస్తున్న బాపుకు కుడివైపు పడిపోయింది. పక్షవాతం. పెద్ద దవాఖానలో చాలాకాలం ఉండి ఇంటికి వచ్చాక కాలు కొంచెం స్వాధీనంలోకి వచ్చింది గానీ కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకున్న వస్తువులా ఉండిపోయింది. మాట కూడా నాలుక కింద ఏదో ఉన్నట్టు ముద్దగా వచ్చేది. రెంచీ పట్టి ఎంతటి ఇంజనునైనా విప్పి బిగించిన చెయ్యి అది. దాన్ని చూసుకుని బాపు లోలోపల కుమిలిపోయేవాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. మనిషి ఇలాగే ఉంటే లాభం లేదు, ఆయన మనసుకూ చేతికీ ఏదో ఒక పని చెప్పండని డాక్టరు అమ్మను పక్కకు పిలిచి చెప్పాడు.

బాపుకు ఇష్టమైన పని ఒకటే, అది అందరికీ తెలుసు. ఆదివారం ముగ్గురూ వచ్చి బాపును చెయ్యి పట్టి అరుగు మీదికి తెచ్చారు. పదమూడు ముక్కలు ఎడమచేతిలో విసనకర్రలా పట్టుకుని, అందులోంచే ఒకటి లాగాలంటే రెండో చెయ్యి కావాలి కదా! ముక్కలన్నీ జారి చాప మీద పడ్డాయి. కండక్టర్ భాయ్ మంచి మనసుతోనే వాటిని ఏరి, "ఫికర్ మత్ కరో ఉస్తాద్, నేను పట్టుకుంటగా" అని బాపు తరఫున పట్టుకోబోయాడు. బాపు ఆ ముక్కలను ఎడమచేత్తో విసిరికొట్టాడు. ఆయన ఏడవడం నేను మొదటిసారి చూసింది ఆ పూటే. ఆ తర్వాతి ఆదివారాలు వాళ్లు వచ్చి కాసేపు కూర్చుని, చాయ్ తాగి, ఆట లేదు కనుక లేచి వెళ్లిపోయేవాళ్లు. రానురాను ఆ రావడం కూడా మానేస్తారేమోనని నాకు భయం పట్టుకుంది. వాళ్లు రావడం ఆగిపోతే బాపు ఆ మంచం దిగడు. అది అమ్మకూ తెలుసు.

మా మేనమామ ఊరుకునే రకం కాదు. ముక్కలు వేటిలోనైనా గుచ్చి నిలబెడితే ఒక్క చెయ్యి చాలు కదా అన్నాడు. మొదట ఒక బేసినులో ఇసుక తెచ్చాడు. బాపు దాన్ని ఎగాదిగా చూసి, "నేనేమన్న చిన్న పోరగాన్నా, ఇసుకల ఆడనీకి?" అన్నాడు ముద్దమాటల్లోనే. కోపం వచ్చిందంటే ప్రాణం ఉన్నట్టే అని మామ సంబరపడిపోయాడు.

అది ఆషాఢం. అమ్మ మైసమ్మ గుడికి వెళ్లిన ఒక ఆదివారం ఉదయం, మామ ఇంట్లో వెతికితే వంటింటి మూల ఇత్తడి తాంబాళం నిండా తెల్లగా, ఒక్క రాయి లేకుండా ఏరిన బియ్యం కనిపించాయి. ఇంకేం, అదెత్తి అరుగు మీద పెట్టి బాపు ముక్కలను వరుసగా అందులో గుచ్చాడు. అద్భుతంగా నిలబడ్డాయి! బాపు ఎడమచేత్తో ఇస్పేటు రాణిని తీసి రాజు పక్కన పెట్టుకుని, వంకర పోయిన మూతితో నవ్వాడు. సరిగ్గా అప్పుడే అమ్మ నెత్తిన కొంగుతో వాకిట్లో అడుగుపెట్టింది. ఆ బియ్యం అమ్మవారికి బోనం వండి ఎత్తడానికి ఆమె ఏరి పెట్టుకున్నవి.

ఆ లొల్లి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అమ్మవారి బియ్యంల పత్తాలు గుచ్చుతవారా? నీకు కండ్లు కనవడ్తలేవా?" అని తమ్ముణ్ని పట్టుకుని దులిపేసింది. భాయ్ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. బాపు మాత్రం తలెత్తకుండా ఒక్కొక్క ముక్కనూ బియ్యంలోంచి తీసి కింద పెడుతున్నాడు. ఆయన నవ్వు ఆరిపోవడం అమ్మ చూసింది. చూసి, లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మామను పిలిపించింది. "ఈ బియ్యం ఇగ అమ్మవారికి పనికిరావు, మీ బావకన్న పనికొస్తయి. కానీ పదిమంది చేతులు పడ్డ పత్తాలు గట్లనే గుచ్చనియ్య. కడుగాలె. కడగనీకి వచ్చే పత్తాలు దొరుకుతయేమో చూడు" అంది. లోకంలో పేక ముక్కలను మన్నిక కోసం ఎంచుకుంటారు, అందం కోసం ఎంచుకుంటారు. కడిగి శుద్ధి చేసుకోవడానికి వీలుంటుందా అని ఎంచుకున్నది మా ఇల్లొక్కటేనేమో!

మామ ఆ సాయంత్రమే రోడ్డు పక్కన అమ్మేవాడి దగ్గర ప్లాస్టిక్ కట్ట అని రాసి ఉన్న డబ్బా ఒకటి తెచ్చాడు. నిగనిగలాడుతూ ఉన్నాయి ముక్కలు. ఆదివారం పొద్దున్నే అమ్మ వాటిని పసుపునీళ్లలో తమలపాకులు కడిగినట్టు ఒక్కొక్కటే కడిగి, చాటలో పరచి మిద్దె మీద ఎండబెట్టింది. బాపు ఉతికిన చొక్కా అడిగి తొడిగించుకుని అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ చాట దించుకొచ్చేసరికి ముక్కలన్నీ అప్పడాల్లా ఉబ్బి, పొరలు పొరలుగా లేచిపోయి ఉన్నాయి. ఆఠీను రాజు మొహం పసుపు కొట్టుకుని పొరతో సహా ఊడి వచ్చింది. పూత పూసిన అట్ట అది. మామకు నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాడు. బాపు చొక్కా గుండీలు తనే విప్పుకుని, మళ్లీ గోడవైపు తిరిగాడు.

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తన చేతులతోనే చెడగొట్టానని ఆమె బాధ. పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే, సెలవు పెట్టు, బేగంబజార్ పోదామంది. నేను చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అని ఆమె వంక చూశాను.

అక్కడ పేక కట్టలు అమ్మే ఒక సేఠ్ దుకాణంలో అమ్మ తొలిమాట, ఒక గ్లాసు నీళ్లిమ్మని. దాహానికి అనుకుని పాపం ఆయన చల్లటి నీళ్లు ఇప్పించాడు. ఆయన చూపించిన మొదటి కట్టలోంచి అమ్మ ఒక ముక్క తీసి అందులో వేసింది. సేఠ్ గాబరాపడి, "కుచ్ నై హోతా అమ్మా, అస్లీ మాల్" అంటున్నాడు. "అయితదో కాదో నాననియ్యి, తెలుస్తది" అని అమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఎదుటి దుకాణం వాళ్లు కూడా తొంగి చూస్తున్నారు. నానిన ముక్కను తీసి అంచు వెంట గోరు నడిపితే తెల్లగా అట్ట పీచు లేచింది. రెండో రకం నీళ్లకు చలించలేదు. అప్పుడు అమ్మ పక్క కిరాణాలోంచి గుప్పెడు బియ్యం తెచ్చి సేఠ్ గారి స్టీలు గిన్నెలోనే పోసి గుచ్చింది. మరీ నున్నగా ఉండి అది పక్కకు ఒరిగిపోయింది. మూడో రకం చేతికి కొంచెం గరుకుగా తగిలింది, అంకెలు పెద్దవి, నీళ్లలో నానలేదు, వంచితే తిరిగి నిటారుగా లేచింది, బియ్యంలో గుచ్చితే గుచ్చినట్టే నిలబడింది.

ఇంత పరీక్ష ఏ క్లబ్బువాళ్లూ పెట్టలేదని, ఇంతకూ ఎవరికోసమని సేఠ్ నవ్వుతూ అడిగాడు. అబద్ధం చెబుతుందనుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుని, "మా ఆయన ఆడతడు. ఎడమచేత్తోని ఆడతడు" అంది, అంత పెద్ద బజారులో, పదిమంది వింటుండగా. నాకు కళ్లు నిండిపోయాయి. సేఠ్ ఇక నవ్వలేదు. తడి ముక్కను తన రుమాలుతో తుడిచి, కట్టలో దాని స్థానంలో పెట్టి, రెండు చేతులా అందించాడు.

ఆ ఆదివారం కడిగిన ముక్కలను గడప లోపలి నుంచి అమ్మే స్వయంగా తెచ్చి తాంబాళం పక్కన పెట్టింది. ఆట మొదలైంది. బాపు ఒక ముక్క తీయాలంటే చెయ్యి వణికేది, తీసింది మళ్లీ గుచ్చడానికి చోటు వెతుక్కునేది, మనసు మార్చుకుని ఇంకోటి పట్టుకునేది. అంతసేపూ మామ తన కళ్లద్దాలు తుడుచుకునేవాడు, భాయ్ పాన్‌డబ్బాలో ఏదో వెతికేవాడు, పెద్దాయన ఆకాశంలో మబ్బు పట్టిందా అని చూసేవాడు. ఏ ఒక్కరూ బాపు చేతి వంక చూడలేదు, కానియ్యమనలేదు. ఆ పూట ఒక్క ఆటే పూర్తయింది. అది బాపే గెలిచాడు. షో అన్న మాట ముద్దగా వచ్చినా వీధంతా వినిపించింది. తలుపు వెనక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత ఎన్నో ఏళ్లు, పోయే ముందు వారం దాకా, బాపు ఆ చాప మీద తన చోటులో తనే ఆడాడు.

ఫోన్ మాట్లాడి తిరిగి వచ్చిన మనవడికి గరుకు రకమే కొనమని చెప్పాను, సరేనన్నాడు. కొత్త ముక్కలు వచ్చేదాకా వాళ్లు ఫోన్లలోనే ఆడుకుంటారట, నువ్వూ ఒక ఆట ఆడి చూడమని ఫోన్ నా చేతిలో పెట్టాడు. నా వంతు వచ్చింది. కళ్లజోడు సర్దుకుని ఏ ముక్క ఏదో పోల్చుకునేలోపు తెర మీద గీత ఒకటి తరిగిపోయి, నా ముక్కలు వాటంతటవే మూసుకుపోయాయి. ఏమైందిరా అంటే, "టైం అయిపోయింది అమ్మమ్మా, నీకోసం ఆగదు అది" అన్నాడు. వాడి తప్పేముంది, ఆట అలా తయారైంది. నేను ఫోన్ తిరిగి ఇచ్చేశాను. ఇప్పటి ముక్కలు నీళ్లకు నానవు, చెమటకు చెడవు, మనుషుల కన్నా ఎక్కువకాలం ఉంటాయి. కానీ వణికే చెయ్యి ఒకటి తన ముక్క వెతుక్కునేదాకా మబ్బుల వంక చూస్తూ కూర్చునే ఆ ముగ్గురు మనుషులను ఏ బజారులో ఎంచి తేవాలో మాత్రం నాకు తెలియదు.