జానీమియా ఆపని బొమ్మ

జనగామలో జానీమియా అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. నలభై దాటినవాళ్లను అడిగితే మాత్రం, "ఎవలు, టీవీ టేషన్ జానీమియానా?" అంటారు. అది స్టేషనేమీ కాదు, రిలే కేంద్రం. బియ్యం మిల్లు వెనక రెండు గదుల బిల్డింగు, పక్కన ఒక ఇనుప టవరు, దక్షిణానికి కాస్త పడమరగా ఆకాశంలోకి నోరు తెరుచుకున్న పెద్ద డిష్షు. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో పైకి పంపిన బొమ్మను ఉపగ్రహం కిందికి పంపితే, ఆ డిష్షు పట్టుకునేది, టవరు చుట్టూ పాతిక కిలోమీటర్ల దాకా విసిరేది. ఇళ్లమీది యాంటెనాలు దాన్ని అందుకునేవి. మధ్యలో కూర్చున్న మనిషి పేరు జానీమియా. ముప్పై ఆరేళ్లు కూర్చున్నాడు.

ప్రయోగాల సంగతి పక్కన పెడితే, టీవీకీ టెలిఫోన్లకూ అని మన దేశం సొంతంగా పైకి పంపించుకున్న మొదటి ఉపగ్రహం ఆరు నెలలు తిరక్కుండానే మూగబోయింది. ఎనభై మూడులో పంపిన దాని తోబుట్టువు నిలబడింది. అది నిలబడింది కాబట్టే ఊరూరా రిలే కేంద్రాలు లేచాయి. అవి లేచాయి కాబట్టే ఐటీఐ చదివి వరంగల్ రోడ్ల మీద ఖాళీగా తిరుగుతున్న జానీమియాకు హెల్పర్ ఉద్యోగం దొరికింది. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఏదో కుదురుకుంటే, జఫర్‌గఢ్‌లో బీడీలు చుట్టే ఒక విధవరాలి ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది.

ఆ తల్లికి కొడుకు పని ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. సెలవుకు వచ్చినప్పుడల్లా అడిగేది.

"గా బొమ్మ పైనించి వస్తదంటివి. మరి వానకాలం తడువదా బిడ్డా?"

"తడువదు అమ్మీ."

"నువ్వన్న తడువకు మరి."

జఫర్‌గఢ్ ఆ టవరుకు అందనంత దూరం. కొడుకు పంపే బొమ్మను ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలని అడగనూ లేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. జనగామలో ఆ పూజారి జానీమియా. ముఖ్యంగా ఆదివారం పొద్దున. తొమ్మిదిన్నరకు పురాణం సీరియల్ మొదలైతే బస్టాండులో బస్సులు కదిలేవి కావు. జనం స్నానాలు చేసి, టీవీకి దండ వేసి, ఊదుబత్తులు ముట్టించి కూర్చునేవారు. ఒక ఆదివారం ఏదో తీగ కాలి పది నిమిషాలు బొమ్మ పోయింది. పదకొండో నిమిషానికి కిటికీ అద్దం మీద రాయి పడింది. మరుసటి రోజు ఒక ముసలమ్మ పనిగట్టుకుని నడిచొచ్చి, "దేవున్ని మధ్యల ఆపినవు, పాపం తగుల్తది కొడుకా," అని శాపనార్థం పెట్టి మరీ వెళ్లింది. జానీమియాకు భయం వేసింది. అబద్ధమెందుకు, కాస్త గర్వం కూడా వేసింది. పాతికేళ్లు నిండి ఏడాది కాని కుర్రాడు, వాడు చెయ్యి తీస్తే తాలూకా అంతా గోల పెడుతుంది మరి.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఒక ఆదివారం, పొద్దున ఎనిమిది కాకముందే కేంద్రం ఫోను మోగింది. జఫర్‌గఢ్ నుంచి, సర్పంచ్ ఇంటి ఫోను. అవతల మాట్లాడింది అతని చెల్లెలు చోటీ బీ. పద్దెనిమిదేళ్ల పిల్ల. "భాయ్, అమ్మీ లేదు. తెల్లారుజామున పోయింది. జొహర్ నమాజు కాంగనే దీస్కపోతరంట. జల్ది రా," అంది. లైను తెగిపోయింది.

జొహర్ అంటే మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఘన్‌పూర్ దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకొకటి. అప్పటికప్పుడు లేచి వెళ్తే పదిన్నర, పదకొండుకల్లా తల్లి పక్కన ఉండేవాడు. కానీ ఆ పొద్దున కేంద్రంలో ఉన్నది అతనొక్కడే. రెండో షిఫ్టు మనిషి వచ్చేది ఒంటిగంటకు. పై అధికారి సెలవులో ఉన్నాడు. ఒక చీటీ రాసి, ఆపేసి, తాళం వేసి వెళ్లిపోతే ఏమయ్యేది? ఒక మెమో వచ్చేది. ఇంకో అద్దం పగిలేది. తల్లికి మట్టి ఇవ్వడం కంటే అవి ఎక్కువా? కాదని ఎవరికైనా తెలుసు, జానీమియాకూ తెలుసు. అయినా కూర్చున్నాడు.

ఇక్కడిదాకా అయితే ఊళ్లో అందరికీ తెలిసిన కథే. తెలియనిది ఒకటుంది. తొమ్మిది కొట్టేసరికి కరెంటు పోయింది. రాత్రి గాలిదుమారానికి వంగిన స్తంభాలు ఎక్కడో పడిపోయాయి. వెనక బియ్యం మిల్లు గమ్మున ఆగిపోయింది. సినిమా హాలు మైకు ఆగిపోయింది. కేంద్రానికి డీజిల్ జనరేటర్ ఉంది కాబట్టి దాని బొమ్మ ఆగలేదు. జనగామలో ఒక్క టీవీ వెలగడం లేదు. జానీమియా మాత్రం మానిటర్ ముందు కూర్చుని, ఒక్క చుక్క తొణక్కుండా, ఊరంతటికీ బొమ్మ పంపుతూనే ఉన్నాడు. గంటగంటకూ లాగ్ బుక్కులో 'బొమ్మ బాగుంది, శబ్దం బాగుంది' అని రాశాడు. ఎవరైనా ట్రాక్టర్ బ్యాటరీ పెట్టుకుని చూస్తున్నారేమో అనుకున్నాడు. ఘన్‌పూర్ వైపు కరెంటు ఉందేమో అనుకున్నాడు. తర్వాత బస్సులో పోతూ చూస్తే ఘన్‌పూర్‌లోనూ లేదు.

అతను జఫర్‌గఢ్ చేరేసరికి నాలుగు కావొస్తోంది. మగవాళ్లు అప్పటికే మట్టి ఇచ్చి వచ్చి చేతులు కడుక్కుంటున్నారు. చోటీ బీ గుమ్మంలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం.

"గిప్పుడా వచ్చుడు?"

"ఊరంత సూస్తున్నరు చోటీ. ఎట్ల ఇడిసిపెట్టి రావాలె?"

ఆ మాట దారిలో తయారు చేసుకున్నదేమీ కాదు, నోట్లోంచి దానంతటదే వచ్చింది. చోటీ బీ తల ఊపింది. ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత ముప్పై మూడేళ్లు, పెళ్లిళ్లలో, పండగల్లో, ఎవరు దెప్పిపొడిచినా ఆమె అదే చెప్పింది. "మా భాయ్ నౌకరి అసొంటిది. ఊరంత సూస్తుంటే ఎట్ల ఇడిసిపెట్టి వస్తడు?" వినేవాళ్లు అవునవును అనేవారు. జానీమియా పక్కనే కూర్చుని తన పళ్లెంలోకి చూసుకునేవాడు.

ఆ రోజు తల్లి కోసం అతనికి ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. నలభయ్యో రోజు ఫాతిహాకు వచ్చినవాళ్లు గట్టి గుండె అన్నారు. గట్టి గుండె ఓర్చుకోవాలన్నా ముందు నొప్పి తెలియాలి కదా, అతనికి ఏమీ తెలియలేదు. ఏడాది తిరిగాక పెళ్లయింది. పెళ్లికొడుకు కుర్చీలో వేరెవరి పెళ్లికో వచ్చినట్టు కూర్చున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. చూసి, ఎత్తుకుని, డ్యూటీకి వెళ్లిపోయాడు. మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి భార్య చేతిలో పెడతాడు. "మా ఆయిన ఇంట్ల కూసున్నా ఆడనే ఉంటడు," అని ఆమె నవ్వేది. మొదట్లో నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది.

కేంద్రంలో మాత్రం అతనంతటి పనివాడు లేడు. హెల్పర్ నుంచి టెక్నీషియన్ అయ్యాడు. మార్చి మొదట్లో, అక్టోబర్‌లో కొద్దిరోజులు మధ్యాహ్నం పూట సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, అప్పుడు కాసేపు బొమ్మంతా చుక్కలైపోతుంది. అది ఏ రోజు ఏ నిమిషానికి వస్తుందో కాగితం చూడకుండా చెప్పేవాడు. పాత ఉపగ్రహం అయిపోయి కొత్తది వచ్చినప్పుడల్లా డిష్షు తిప్పింది అతనే. బదిలీ చేస్తామంటే బతిమాలి ఆపించుకున్నాడు. ఎందుకంటే, ఆ కుర్చీలోంచి లేస్తే ఆ ఆదివారం వట్టిదైపోతుందని అతని భయం. ఈ బొమ్మకు విలువుంటే ఆ రోజు కూర్చున్నదానికీ విలువున్నట్టే. లెక్క తప్పని అతనికీ తెలుసు, అయినా దాన్నే పట్టుకుని వేలాడాడు.

ఈలోగా కేబుల్ వచ్చింది. ఇళ్లమీద చిన్న డిష్షులు వచ్చాయి. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. ఇళ్లమీది పాత యాంటెనాలు బట్టలారేసుకోవడానికి పనికొచ్చాయి. జానీమియా సొంత ఇంట్లోనే కేబుల్ కనెక్షన్ ఉంది, కూతుళ్లు పోరుపెడితే పెట్టించాడు. ఎవరైనా, "ఇంక గది ఎవలు సూస్తరు భాయ్?" అంటే, "సూసెటోళ్లు సూస్తరు," అనేవాడు.

కరోనా రెండోసారి వచ్చి పోయిన ఏడాది, చలికాలం మొదలవబోతుండగా ఇంజనీరు నిరంజన్ ఆర్డరు పట్టుకుని వచ్చాడు. భూపాలపల్లి మనిషి, వయసులో చాలా చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. దేశమంతా ఇలాంటి కేంద్రాలు మూసేస్తున్నారు, ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు ఆఖరు. జానీమియా రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది, ఆ ఎనిమిది నెలలూ హన్మకొండ ఆఫీసులో కూర్చోవచ్చు.

ఆ ఆదివారం పన్నెండుకు నిరంజన్ అన్నాడు. "మీరే బంద్ చెయ్యిన్రి జానీ భాయ్. మీ చేతుల మీదుగనే కానియ్యిన్రి."

జానీమియా స్విచ్ తీశాడు. ఫ్యాన్ల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. నిరంజన్ ఫోటో తీశాడు, కాగితాల మీద సంతకాలు తీసుకున్నాడు.

"ఇంటికి పోదామా భాయ్? దింపుత."

"మీరు నడువున్రి సార్. ఎవలన్న ఫోన్ చేస్తే చెప్పాలె గద, బొమ్మ రాదని."

నిరంజన్ వెళ్లిపోయాడు. జానీమియా ఫోను పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఒక్కరు. ఒక్కరు ఫోన్ చేసి, ఏమైంది, బొమ్మ వస్తలేదేంది అని తిడితే చాలు. ఏ తండాలోనో, ఏ ముసలివాళ్ల ఇంట్లోనో ఒక్క టీవీ నల్లబడి ఉంటే చాలు. ఒంటిగంటైంది, రెండైంది. రిసీవర్ ఎత్తి చూశాడు, ఫోను బాగానే ఉంది. నాలుగింటికి మోగింది. మొదటి రింగు పూర్తికాకముందే అందుకున్నాడు.

"జానీ భాయ్, నిరంజన్‌ను. తాళం ఏసిన్రా?"

"ఏస్తున్న సార్."

రాయి పడుతుందేమో అని ఇన్నేళ్లూ భయపడ్డ కిటికీ మూసి, తాళం వేసి, ఇంటికి నడిచి వెళ్లాడు. భార్య అన్నం పెడితే తిన్నాడు. ఏమనిపిస్తోందని పెద్దకూతురు ఫోనులో అడిగితే, "ఏమనిపిస్తలేదు బిడ్డా," అన్నాడు. నిజమే చెప్పాడు.

తెల్లారి డ్యూటీ లేదు, హన్మకొండలో చేరడానికి ఇంకా గడువుంది. కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు వెళ్లి ఘన్‌పూర్ బస్సెక్కాడు. పదింటికి జఫర్‌గఢ్‌లో చోటీ బీ వాకిట్లో ఉన్నాడు. ఆమెకూ యాభై దాటింది, జుట్టు సగం నెరిసింది. అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

"ఏంది భాయ్, చెప్పకుండ చెయ్యకుండ? కూసో. చాయ్ పెడ్త."

"వద్దు. నిన్న బంద్ చేసిన్రు చోటీ. మా టీవీ."

"అయ్యో. గంత పెద్ద టవర్ పెట్టి బంద్ చేసుడేంది? మరి జనం ఊకున్నరా?"

"ఎవ్వలు అడగలే."

ఆమె మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. జానీమియా నిలబడే ఉన్నాడు.

"చోటీ, అమ్మీ పోయిన పొద్దు జనగామల కరెంటు లేకుండె."

చేట ఆగింది.

"ఎవ్వలు టీవీ సూడలే. తొమ్మిదికాడికెల్లి లేదు. జనరేటర్ పెట్టుకొని నేనొక్కన్నే సూసుకుంట కూసున్న."

"కరెంటు లేదని నీకు గప్పుడే తెల్సా?"

"తెల్సు."

"అయితే రావచ్చుండె."

"రావచ్చుండె."

చోటీ బీ చేటను పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"జొహర్ కాంగనే లేపుతమన్నరు భాయ్. నేను తలుపుకు అడ్డం నిలవడ్డ. ఊరంతకు టీవీ సూపెడుతున్నడు మా భాయ్, ఇడిసిపెట్టి రాలేడు, జర ఆగున్రి అని పెద్దమనుషుల కాళ్లు వట్టుకున్న. మూడు దాక ఆపిన. ఎండకాలం. అమ్మీకి నీళ్లు పోసింది నేనే. చెయ్యి వట్టుకుంటే ఇంక అమ్మీ చెయ్యి లెక్క లేకుండె." ఆగింది. "మరెందుకు రాలే?"

ముప్పై మూడేళ్లలో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు, తనను తాను కూడా అడుక్కోలేదు. ఉద్యోగం అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"భయమైంది చోటీ. అమ్మీ మొఖం సూసుడు నాతోని కాదనిపించింది. గా డబ్బల ముంగట కూసుంటే ఏం తెలుస్తలేకుండె. అందుకే కూసున్న."

చోటీ బీ అతని వంక చూసింది. కళ్లలో కోపం కూడా లేదు.

"నాకు గూడ భయమైంది భాయ్," అంది. "నేను యాడ కూసోవాలె?"