ఆగిన సాంచ లెక్క

మా బాపు సిరిసిల్లలో ఎనిమిది సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచలనే అంటారు. ఆ ఎండాకాలం బట్టలో లోపాలు ఎక్కువవుతున్నాయని కార్ఖానా ఆసామి రోజూ గొణుగుతున్నాడు. నేను సద్ది ఇయ్యడానికి పోయిన రోజు మాత్రం గట్టిగానే అన్నాడు.

“మామా, నీ కండ్లు మసకైనయ్. పోగు తెగింది నీకు కనవడ్తలేదు. గీ నెల సూస్తా. గిట్లనే ఉంటె సాంచలు ఇంకొకలకు ఇస్తా.”

బాపు తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. “మా బాపు కండ్లు మంచిగనే ఉన్నయ్. లెక్కతోని సూపెడ్తా” అన్నాను. నా నోరు ఎప్పుడూ నా కన్నా ముందే పోతుంది.

నిజానికి నాకు వచ్చిన లెక్క అంతంత మాత్రమే. కరీంనగర్‌లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ల్యాబులో ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలై మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ నేను నేర్చుకున్నది ఎర్ర అక్షరాలతో తిట్లు తినడం. కామా మరిస్తే తిట్టు. పెద్ద అక్షరం బదులు చిన్నది కొడితే తిట్టు. బ్రాకెట్ మూయకపోతే మాత్రం ఏమీ అనకుండా ఒక ప్లస్ గుర్తు పెట్టి కూర్చుంటుంది. లెక్క చేస్తోంది కాబోలని మొదటిసారి నేనూ దాని ముందు అరగంట కూర్చున్నాను. పక్క సీటు అమ్మాయి చూసి, “ఓ పిల్లా, నువ్వు దాని కోసం సూస్తున్నవ్, అది నీ కోసం సూస్తుంది” అని పడీపడీ నవ్వింది.

మాట ఇచ్చాక తప్పుతుందా! బాపుకు సుద్దముక్క ఇచ్చాను. పోగు తెగినప్పుడల్లా ఆ సాంచ పేరున గోడ మీద గీత గీయాలి, ఏ గంటకు ఆ గంట వేరుగా. ఇవే సాంచలను ఇంకో షిఫ్టులో నడిపే మా కాక కూడా సరేనన్నాడు. వారం తర్వాత గోడను ఫోనులో ఫొటోలు తీసుకుని, బస్సులో కూర్చుని పట్టిక నింపాను. గీత లేని చోటల్లా సున్నా పెట్టాను. బొమ్మ గీయమంటే ఆర్ ఈసారి తిట్టకుండా గీసింది. సంతోషం పట్టలేక ప్రింటు తీసుకుని ఇంటికి ఉరికాను.

“ఇగో బాపూ, ఐదో సాంచ బంగారం. అన్నిటికన్నా తక్కువ తెగింది దాని మీదనే.”

బాపు నవ్వాడు. “బంగారమా! గది సగం దినం ఆగే ఉన్నది బిడ్డా. ఒక్క సాంచ పోగులు తెంపీ తెంపీ పరేషాన్ జేస్తుంటె, దాన్ని బందు వెట్టి తక్కినయి నడిపిస్తం. ఆగిన సాంచల పోగెట్ల తెగుతది?”

సిగ్గుతో చచ్చిపోయాను. సాంచల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని. ఎనిమిదింటిని ఒక్కడే చూసుకునేవాడు చెడ్డదాన్ని ఆపేసి మిగతావాటి వెంట పోతాడని చిన్నప్పటి నుంచీ తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చునేసరికి మర్చిపోయాను. అన్నిటికన్నా చెడ్డ సాంచకు మొదటి ర్యాంకు ఇచ్చాను!

ఆ పట్టిక పడేసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి సాంచ ఆగిన గంటకు గోడ మీద ఇంటూ గుర్తు. ఆ గుర్తున్న చోట నేను సున్నా పెట్టలేదు, ఎన్‌.ఏ. అని రాశాను. లెక్క లేదు అని దాని అర్థం. బాపూ కాకా వారం మార్చి వారం పగటి షిఫ్టు చేస్తారు కాబట్టి రెండు వారాలు ఓపిక పట్టాను. తీరా సగటు అడిగితే, ఒక్క ఖాళీ ఉన్నా మొత్తానికే తెలియదు పొమ్మంది ఆర్. ఖాళీలు వదిలేసి లెక్కించమని చెప్పడం నేర్చుకునేందుకు ఇంకో పూట పట్టింది.

బొమ్మ వచ్చింది. పడమటి రేకు గోడ పక్కనున్న ఐదు, ఆరు సాంచల మీద మధ్యాహ్నం కాగానే పోగులు తెగడం ఎక్కువవుతోంది. బాపు పగలు నడిపిన వారమూ అంతే, కాక నడిపిన వారమూ అంతే.

ఆసామి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. లేచి పోయి రేకు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే తీసేశాడు. “నూలు ఎండిపోయి తెగుతుందన్నట్టు” అన్నాడు. తెల్లారి ఆ గోడకు తడి గోనెసంచులు వేలాడాయి. “నువ్వే నడుపు మామా” అన్నాడట బాపుతో.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ బాపు మెల్లగా అడిగాడు. “బిడ్డా, నా కండ్ల సంగతి గూడ దాంట్ల వచ్చిందా?”

“రాలే బాపూ. పోగులు ఏడ తెగుతున్నయో గంతే.”

బాపు గ్లాసు కింద పెట్టాడు. “మసక నిజమే బిడ్డా. ఏడాది సంది. అద్దాలు వెట్టుకుంటె ఆసామి సాంచలు గుంజుకుంటడని భయమైంది. ఇప్పుడు వెట్టుకోవచ్చు గదా?”

నాకు ఏడుపొచ్చింది. ఆయన కళ్లు బాగున్నాయని అందరి ముందూ కొట్లాడిన నేను, ఒక్కసారైనా ఆయన్ని అడగలేదు.

ఆ ఆదివారమే కరీంనగర్ తీసుకుపోయాను. కళ్లద్దాల దుకాణంలో అవి పెట్టుకోగానే బాపు అద్దంలో తన ముఖం చూసుకోలేదు. నా చున్నీ అంచు పట్టుకుని వెలుగుకు తిప్పాడు.

“గిది ఎవలు నేసిండ్రు బిడ్డా? రెండు పోగులు తప్పినయ్ సూడు!” అని దుకాణమంతా వినపడేలా నవ్వాడు.