కంటి మూలన కత్తిరింపు

దారం ఒక కొస పళ్ళ మధ్య బిగించి, మిగతాది రెండు చేతుల్లో పట్టుకుంటే, కన్ను తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి ఉండదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే బ్యూటీపార్లర్‌లో ఒకామెకు ఐబ్రోలు చేస్తున్నాను. నెలల తరబడి ధార కడుతున్న నా కుడికన్ను ఒక చుక్కను ఆమె చెంప మీద వదిలింది.

"ఛీ! ఏందిది? నీ కంటి నీళ్ళు నా మొహం మీద పడ్డయ్!" అంటూ ఆమె లేచి సింకు దగ్గరికి ఉరికింది. ఒక కనుబొమ అయింది, రెండోది అట్లాగే ఉండిపోయింది. మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కుంది. ఆమె మీద కోపం రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

పార్లర్ యజమానురాలిది గుంటూరు వైపు. "ముందు కన్ను బాగు చేయించుకుని రామ్మా. నెల దాకా నీ కుర్చీ ఉంచుతాను. దాటితే నేనేం చెయ్యలేను," అంది. ఎనిమిదేళ్ళుగా ఆ కుర్చీ పక్కనే నా బతుకు.

మా అత్తది నల్గొండ దిక్కు పల్లె. "కంట్ల నలుసు వడ్డది. దవాఖాన ఎందుకు? సరూర్‌నగర్ల ఒక ముసలామె నాలుకతోని తీస్తది, నడు," అని లాక్కెళ్ళింది. ముసలామె ఆకూవక్కా నములుతోంది. ఉమ్మేసింది గానీ నోరు పుక్కిలించనైనా లేదు, నా రెప్ప తిప్పి కంట్లో నాలుక పెట్టింది. వెచ్చగా, గరుగ్గా, పొగాకు కంపు కొడుతూ. తర్వాత అరచేతిలోకి నల్లటి పలుకొకటి ఉమ్మి, "గిదే నలుసు," అంది. అది వక్కపలుకు! మా అత్త దానికి దండం పెట్టినంత పని చేసింది.

మూడోరోజుకు కన్ను ఎర్రబడి, పుసితో రెప్పలు అంటుకుపోయాయి. ఎల్బీనగర్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"నలుసూ లేదు, గిలుసూ లేదు. కన్నీళ్ళు ముక్కులోకి దిగడానికి రెప్ప మూలన సన్నటి రంధ్రం ఉంటుంది. మీకది ఇరుకైపోయింది. కొద్దిగా కత్తిరించి వెడల్పు చేయాలి. సరే, ఈ ఇన్‌ఫెక్షన్ ఎక్కడిది?"

"నాలుకతోని తీపిచ్చినం మేడమ్," అని వెంట వచ్చిన మా అత్త గర్వంగా చెప్పింది. డాక్టరమ్మ చేతి తొడుగులు మార్చుకుంది.

ఇన్‌ఫెక్షన్ తగ్గేసరికే రెండు వారాలు పోయాయి. ఆపరేషన్‌కు రెప్పలో మత్తుసూది గుచ్చారు. నొప్పి తెలియలేదు గానీ కత్తెర చప్పుడు తెలిసింది. తర్వాత ఆ రంధ్రంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించారు. అవి ముక్కు వెనక నుంచి గొంతులోకి జారి డోకు వచ్చింది.

"గొంతులో ఉప్పగా ఉందా? అయితే దారి తెరుచుకుంది," అంది డాక్టరమ్మ. అంత రోతలోనూ సంతోషం వేసింది.

నెల నిండకముందే పార్లర్‌కు వెళ్ళాను. యజమానురాలు తనే కుర్చీలో వెనక్కి వాలి, "నాకే చెయ్యి, చూద్దాం," అంది. పది నిమిషాలు ఆమె మొహం మీదికి వంగి పనిచేశాను. ఒక్క చుక్క రాలలేదు. "రేపటి నుంచి వచ్చెయ్యమ్మా," అంది అద్దంలో చూసుకుంటూ.

కుర్చీ నాకు దక్కింది. కానీ నేను వంగినంతసేపూ ఆమె, చుక్క ఎక్కడ నోట్లో పడుతుందోనన్నట్టు, పెదవులు లోపలికి మడుచుకుని, పళ్ళతో గట్టిగా పట్టుకునే ఉంది.