సోమయ్య చూపిన పాయింటు

బోరు పాయింటు చూపడంలో సోమయ్యను మించినవాడు శంషాబాద్ చుట్టుపక్కల లేడు. చదువు నాలుగో తరగతితో ఆగింది. కానీ అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడిస్తే నీళ్లున్నచోట అది నిలువుగా లేచేది. కొత్తూరులో ముప్పై ఒకటి, తుక్కుగూడలో పందొమ్మిది, మొత్తం మీద నూట నలభై రెండు బోర్లు. ఒక్కటీ ఫెయిల్ కాలేదు. ఈ లెక్క ఆయన అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

విమానాశ్రయం తెరిచిన నాలుగేళ్లకు, 2012 ఎండాకాలంలో, ఆయన చేను పక్కనున్న విల్లాల కాలనీలో బోర్లు వట్టిపోయాయి. చెట్ల నీడ, పచ్చగడ్డి చూసి కోటి పోసి కొన్నవాళ్లు ఇంటికి నెలకు ఎనిమిది వేలు మెయింటెనెన్స్ కడుతున్నారు. అందులో సగం ట్యాంకర్లకే పోతోంది. కాలనీ కార్యదర్శి మధు కారేసుకుని చేను దగ్గరికే వచ్చాడు.

సోమయ్యకున్నది అరెకరం పాలకూర, కొత్తిమీర, దానికో సన్నటి బోరు. ఆ నీటి జాడ కాలనీ గోడ కిందుగానే తన చేలోకి వస్తుందని ఆయనకు తెలుసు. అక్కడ లోతుగా బోరు వేస్తే తన చేను మాడిపోతుంది.

"నేను రాను," అన్నాడు. "మీరు గడ్డికి తాపుతరు. ఆ గడ్డి ఎవలు తినాలె? ఒక్క ఇంట్ల బర్రె లేకపాయె."

"అది పర్యావరణం పెద్దాయనా, మీకు అర్థం కాదులెండి."

కాలనీ గేటు దగ్గర అమ్మడానికి గట్టు మీద కూర కట్టలు కడుతున్న భార్య జంగమ్మ తలెత్తింది. "కోటి రూపాయల ఇంట్ల ఉండి, అయిదు రూపాయల కట్ట మూడుకు అడుగుతరు మీ ఆడోళ్లు. గదేం పర్యావరణం సారూ?"

మధు ముఖం గంటు పెట్టుకున్నాడు. "మెషీన్ పెట్టి చూసే ఆయన ముందే చెప్పాడండి. ఇక్కడ నీళ్లే లేవట. కొబ్బరికాయ ముసలాయన భయపడి రాడు, చూడండి అన్నాడు. అదే నిజమైంది."

సోమయ్య తలపాగా సవరించుకున్నాడు.

"పోకు," అంది జంగమ్మ. "మాటదేముంది, అననీ. చేను పోతే ఏం తింటవ్?"

ఆయన వెళ్లాడు. మెషీన్ ఆయన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. కాలనీవాళ్లు ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. క్లబ్‌హౌస్ వెనక రాతి నేల దగ్గర సోమయ్య ఆగాడు. కింద చుక్క నీరు లేదని ఆయనకు తెలుసు. ఇదే పాయింటని మడమతో తొక్కి చూపితే చాలు, తన చేను బతుకుతుంది. కానీ సోమయ్య పాయింటు ఫెయిలైందని ఆ మెషీన్ ఆయన ఊరూరా చెప్పుకుంటాడు.

"ఏం తాతా, కాయ నిద్రపోయిందా?" అన్నాడు మెషీన్ ఆయన.

సోమయ్య నేరుగా గోడ వారకు నడిచాడు. కాయ లేచి నిలబడింది. "ఈడ. నాలుగొందల అడుగులు. రాస్కో."

వారానికి బోరుబండి వచ్చింది. మూడు వందల ఎనభై అడుగుల దగ్గర నీళ్లు చెట్టెత్తు ఎగిశాయి. కాలనీవాళ్లు చప్పట్లు కొట్టారు. మెషీన్ ఆయన కారెక్కి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున సోమయ్య మోటారు వేస్తే పైపు రెండుసార్లు దగ్గి గాలి వదిలింది. జంగమ్మ అప్పటికే కొత్తిమీర మళ్లో వంగి పీకుతోంది. ఆయన వైపు చూడలేదు.

"నిలబడి చూస్తవేంది? పీకు. ఎండకముందే అమ్మాలె. ఆ గేటు కాడికి ఇగ నేను పోను. బుట్ట నెత్తిన పెట్టుకొని నువ్వే పో."