ఫియట్ గేర్‌బాక్స్ దగ్గర నేను చెప్పిన అబద్ధం

మా చిన్నప్పుడు... బడి వదలగానే నేను ఇంటికి కాదు, యాకుత్‌పురా స్టేషన్ దగ్గర మా నాన్న, అదే మా బాపు, కార్లు బాగుచేసే షెడ్డుకే వెళ్ళేదాన్ని. రేకుల కప్పు, నేలంతా గ్రీసు, మూలన నా కోసం పడుకోబెట్టిన ఒక పాత టైరు... దాని మీద కూర్చునే హోంవర్క్ చేసుకునేదాన్ని.

బాపుకు చదువు రాదు. కానీ పాత చిన్న కార్ల సంగతి ఆయన చేతులకు తెలుసు. ఏ గేర్‌బాక్స్ ఏ ఇంజన్‌కు సరిపోతుందో చెప్పాలంటే, గేర్‌బాక్స్ ముందుకు పొడుచుకొచ్చిన షాఫ్టును బొటనవేలితో కొలిచేవారు. దాని పళ్ళను గోటితో లెక్కపెట్టేవారు. "ఇది పోతది... ఇది పోదు." అంతే. పక్కన వెల్డింగ్ చేసే ఖాజా చాచా అయితే, బాపును చూపిస్తూ "నర్సింగ్ భాయ్ చెప్పిండంటే ముద్ర కొట్టినట్టే" అనేవాడు.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని. తెలుగు మీడియం. అయినా షెడ్డులో అందరూ నాకు ఇంగ్లీషు వచ్చని అనుకునేవారు. అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివేదాన్ని గానీ, సగం కూడా అర్థమయ్యేది కాదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు...

ఒకరోజు కిషన్‌బాగ్ నుంచి ఒక పెద్దాయన తన పాత ఫియట్‌ను తోయించుకుంటూ తెచ్చారు. రిటైరైన సార్. భార్యకు మోకాళ్ళు పనిచేయవు. ఆటో మెట్టు ఎక్కలేదు. ఆ కారు ముందు సీటులో అయితే ఎలాగో కూర్చోగలదు. కారు గేర్‌బాక్స్ పోయింది. సార్ ఎక్కడో వెతికి ఇంకో ఫియట్‌ది సంపాదించి తెచ్చారు. దానితో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం.

బాపు బొటనవేలు పెట్టి చూశారు. మళ్ళీ చూశారు.

"లేదు సార్. ఇది వేరే ఇంజన్‌ది. షాఫ్టు అర వేలు పొడుగున్నది. లోపల పోయి తన్నుతది."

"ఫియట్‌ది ఫియట్‌కు పోకుంటే లారీకి పోతదా నర్సింగ్? పుస్తకం తెచ్చిన, చూడు. నా కండ్లకు గీ సన్నటి అచ్చు ఆనదు."

బాపు ఆ పుస్తకాన్ని కొత్త పట్టుచీర పట్టుకున్నంత జాగ్రత్తగా, మసి అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకుని నాకిచ్చారు. "బిడ్డా... గిదేమంటున్నదో జర చూడు."

లోపలి పట్టికలో ఆ గేర్‌బాక్స్ నంబరు ఉంది. ఎదురుగా సార్ కారు ఇంజన్ నంబరు కూడా ఉంది. కానీ కింద సన్నటి అక్షరాల్లో నాలుగు వరుసలు... వాటి మీద వేలు పెట్టి పెదాలు కదిపాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. తల ఎత్తితే సార్, ఖాజా చాచా, బాపు... ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

"సరిపోతది బాపూ. నంబర్ ఉన్నది."

"పూరా సదివినవా, కింది దాకా?"

"ఆఁ... పూరా సదివిన."

"క్యా భాయ్! బేటీ పాస్, బాప్ ఫెయిల్!" అని ఖాజా చాచా పకపకా నవ్వాడు. బాపు కూడా నవ్వారు. ఓడిపోయినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. "నా వేలుకేం దెల్సు సార్... బిడ్డ సదువుకున్నది" అన్నారు.

మర్నాడు బిగించేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. సరైన జత అయితే గేర్‌బాక్స్ చేత్తో నెడితేనే పోయి ఇంజన్‌కు అతుక్కోవాలి. ఇది అతుక్కోలేదు. మధ్యలో సందు మిగిలింది. "గిట్లుండొద్దు గదా..." అని బాపు నా వైపు చూశారు. అప్పుడైనా చెప్పాల్సింది. నాకు అర్థం కాలేదు బాపూ అని, ఒక్క మాట...

"బుక్కుల ఉన్నది గదా" అన్నాను.

ఆయన పానా తీసుకుని ఒక్కో బోల్టూ బిగించారు. సందు తగ్గుతూ వచ్చింది. నాలుగో బోల్టు దగ్గర టప్ మని చప్పుడు. గేర్‌బాక్స్ అంచు విరిగి కింద పడింది. షాఫ్టు లోపలికి తన్ని ఇంజన్ కూడా బిగుసుకుపోయింది.

"ఇన్నేండ్ల పని ఇదేనా నర్సింగ్?" అని సార్ అరిచారు.

"తప్పు నాదే సార్. బోల్టు ఎక్కువ గుంజిన."

నా పేరు ఎత్తలేదు. నేను పుస్తకం మూసి నా టైరు లోపల పెట్టేశాను.

పుస్తకం షెడ్డులోనే ఉండిపోయింది. వారం తర్వాత దాన్ని బడికి పట్టుకెళ్ళి మా ఇంగ్లీషు టీచర్‌ను అడిగాను. ఆ సన్నటి వరుసల్లో ఉన్నది ఇదే... ఇంజన్‌లో మార్పు చేశాక వచ్చిన బండ్లకు ఈ గేర్‌బాక్స్ పెట్టకూడదు, షాఫ్టు పొడవు తేడా. బాపు బొటనవేలు చెప్పిన మాటే! ఇంటికి వచ్చి పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాచేశాను.

ఆ ఫియట్ మళ్ళీ కదల్లేదు. కొన్నాళ్ళకు సార్ భార్యను ఇద్దరు మోసి ఆటోలో కూర్చోబెట్టడం చూశాను. ఆమె నొప్పికి కళ్ళు మూసుకుంది. నేను తల తిప్పుకుని వేరే సందులోకి వెళ్ళిపోయాను.

అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకోటి ఉంది. ఆ తర్వాత బాపు తన వేలిని నమ్మడం మానేశారు. ఎవరైనా పాత గేర్‌బాక్స్ తెస్తే కొలిచేవారు, తెలిసేది, అయినా చెప్పేవారు కాదు. "ఆగున్రి, నా బిడ్డను బడి నుంచి రానియ్యున్రి..." అనేవారు.

ఇప్పుడు నేను ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు ఉత్తరాలు రాస్తాను. ఏ గేర్‌బాక్స్ దేనికి సరిపోతుందో అందరూ ఫోన్లోనే చూసుకుంటున్నారు. బాపు ఇంకా షెడ్డు తెరుస్తారు. పాత చిన్న కార్లే రావడం లేదు.

ఈ పోస్టును ఆయన చదవలేరు. అందుకే ఇంత ధైర్యంగా రాశానేమో...

మీలో ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్ళకు ఏదైనా తప్పుగా చదివి వినిపించి, ఇప్పటికీ చెప్పకుండా ఉన్నారా? ఉంటే కింద రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే, ఈ ఆదివారం బాపు పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపిస్తాను... ఈసారి పూరా.