రాబోయే రిపేర్ల మామయ్య

చెడిపోయిన బండిని ఎవరైనా బాగుచేస్తారు. మా మామయ్య మాత్రం బాగున్న బండిని బాగుచేసేవాడు. అమ్మకి సొంత తమ్ముడు. ఆయన దగ్గర ఐదు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ వ్యాను ఒకటుండేది. పొద్దున్నే ఇంజన్ ఆయిల్ చుక్కని వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, పొగ రంగు చూసి, దానికి జాతకం చెప్పేవాడు.

"నెలాఖరుకి ఫ్యాన్ బెల్టు పోతుంది."

"కొత్తదే కదా మామయ్యా! భేషుగ్గా ఉంది."

"భేషుగ్గా ఉందా? అదే నా అనుమానం!"

ఆయన పక్కన దగ్గడానికి కూడా లేదు. ఓసారి నాన్న దగ్గితే, "బావా, నీ ఫిల్టర్ మార్చాలి. పొగ నల్లగా వస్తోందా?" అన్నాడు. నాన్న చేతిలో సిగరెట్ అక్కడే ఆరిపోయింది.

ఇప్పుడు నా కారు దారిలో ఎక్కడా ఆగదు. హాయిగా ఉండాలి కదా? ఉండదు. "ఆపరా, ఏదో చప్పుడవుతోంది" అనే మనిషి పక్కన లేడే అని ప్రాణం కొట్టుకుంటుంది.

మామయ్య ఆ వ్యాను నడిపే రోజుల్లో మా చెల్లి కొండమీది కాలనీలో కొత్తింటికి మారింది. ఆ కబురు లోకమంతా చాటి, ఆఖర్న అమ్మకి చెప్పింది. ఇంకేముంది, అమ్మ అలిగి కూర్చుంది.

"నోరారా పిలిచేదాకా దాని గడప తొక్కను" అంది.

"కన్నతల్లిని పిలవడమేంటి, పరాయిదా?" అంది చెల్లి. తల్లికి తగ్గ కూతురు!

పంతం పంతమే గానీ, అమ్మ కూర దించుతూ "దానికిది ఇష్టం" అనేసి, అననట్టు మూత పెట్టేసేది. కూతురి మీద బెంగతో మనిషి సగమైపోయింది.

సరిగ్గా అప్పుడే మామయ్యకి క్లచ్ మీద అనుమానం పుట్టింది.

"అక్కా, క్లచ్ జారేలా ఉంది. ఎత్తెక్కించి చూడాలి. బండిలో బరువుండాలి, నువ్వూ రా."

"నేను బరువా?"

"బండి దగ్గర అబద్ధమాడలేను కదే!"

ఊరి మొత్తానికి ఎత్తు రోడ్డు ఒక్కటే. సరిగ్గా చెల్లి గేటు ముందు మామయ్య బండి ఆపాడు. "రేడియేటర్ వేడెక్కింది! ఇప్పుడు మూత తీస్తే మొహం ఉడుకుతుంది. చల్లారేదాకా కదిలేది లేదు" అని, హారన్ కొట్టి నీళ్లడిగాడు. చెల్లి బండికో బకెట్టూ, అమ్మకో గ్లాసూ తెచ్చింది. అమ్మ సీట్లోంచే తాగింది. కాలు కింద పెట్టలేదు కనక పంతం చెక్కుచెదరలేదు.

మరుసటి వారం బ్రేకుల పరీక్ష. ఆ పైవారం గేర్లు. పరీక్ష ఏదైనా వేడెక్కేది మాత్రం ఆ గేటు దగ్గరే. చివరికి జోరున వాన కురుస్తున్న రోజు కూడా వేడెక్కింది.

"మామయ్యా, వేడి చూపించే ముల్లు సగం కూడా ఎక్కలేదు. అంతా బాగానే ఉంది!" అన్నాను వెనక సీట్లోంచి ముందుకి తొంగి చూసి.

"బాగానే ఉందా? అదే నా అనుమానం!" అంటూ మామయ్య కళ్లతోనే నా నోరు మూయించాడు.

కిటికీ బయట చెల్లి గ్లాసు పట్టుకుని తడుస్తోంది. అమ్మకి మనసాగలేదు.

"జలుబు చేస్తుందే! లోపలికి పో."

"నువ్వొస్తేనే పోతా. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు. రా అమ్మా!"

అమ్మ తలుపు తీసుకుని దిగింది. కూతురి తలమీద కొంగు కప్పి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఒరేయ్ తమ్ముడూ! ఆ ముల్లు నాకూ మొదట్నించీ కనబడుతూనే ఉంది గానీ... సాయంత్రందాకా చల్లారనీ. తొందరపడి మూత తీసేవు!"